కాల్ కలవనిది మనకు, జరిమానా ఢిల్లీకి

2016 అక్టోబర్ 11న, దసరా పండగ నాడు, కొత్తగూడెం జిల్లా కేంద్రమైంది. కొత్త ఆఫీసుల బోర్డుల మీద రంగు ఆరకముందే, అదే నెల 21న, ఢిల్లీలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక సిఫార్సు చేసింది. ఎయిర్‌టెల్ మీద 1,050 కోట్లు, వొడాఫోన్ మీద 1,050 కోట్లు, ఐడియా మీద 950 కోట్లు, మొత్తం 3,050 కోట్ల రూపాయల జరిమానా వేయాలని. సర్కిల్‌కు 50 కోట్ల చొప్పున కట్టిన లెక్క అది. మొదటి రెండు కంపెనీల తప్పు జమ్మూ కశ్మీర్ తప్ప మిగతా 21 సర్కిళ్లలోనూ ఉందన్నారు కాబట్టి ఆంధ్రప్రదేశ్ సర్కిల్ కూడా అందులో ఉన్నట్టే. రాష్ట్రం విడిపోయినా టెలికాం లైసెన్సుల పటంలో తెలంగాణ ఇవాళ్టికీ ఆ పాత సర్కిల్‌లోనే ఉంది. అంటే ఆ రెండు కంపెనీల పద్దులోనే మన సర్కిల్ పేరున 100 కోట్లు రాసుకోవచ్చు.

ఇంతకీ చేసిన తప్పేమిటి? ఒక కంపెనీ ఫోన్ నుంచి ఇంకో కంపెనీ ఫోన్‌కు మాట దాటాలంటే రెండు నెట్‌వర్కుల మధ్య దారులుండాలి. వాటిని ఇంటర్‌కనెక్షన్ పాయింట్లు అంటారు. కొత్త కంపెనీ వచ్చి అడిగితే పాత కంపెనీలు ఆ దారులు తెరవాలన్నది లైసెన్సు షరతు. ఆ ఏడాది సెప్టెంబర్ 5న రిలయన్స్ జియో బరిలోకి దిగింది. కాల్స్ ఉచితం, డేటా ఉచితం. ఆధార్ కార్డులు పట్టుకుని జనం షాపుల ముందు క్యూ కట్టారు. సిమ్ దొరికింది గానీ, దాన్నుంచి పాత నంబరుకు చేస్తే కాల్ కలిస్తే ఒట్టు. ప్రతి 100 కాల్స్‌లో 75కు పైగా విఫలమవుతున్నాయని జియో మొత్తుకుంది. ట్రాయ్ పెట్టిన ప్రమాణం ప్రకారం ఈ దారుల దగ్గర ఇరుకు వల్ల ఆగిపోయే కాల్స్ 1,000కి 5 దాటకూడదు.

తెలంగాణ బొగ్గు బెల్టులో ఈ బాధ ఇంకాస్త ఎక్కువ. బాయిలోకి మామూలు సెల్‌ఫోన్ పోనివ్వరు. మీథేన్ ఉండే చోటికి నిప్పురవ్వ పుట్టించగల వస్తువేదీ తీసుకుపోకూడదన్నది గనుల భద్రత నియమం. మొదటి షిఫ్టుకు మస్టర్ పడ్డ మనిషి దిగినప్పటి నుంచి పైకి వచ్చేదాకా ఇంటికి అందడు. పైకి వచ్చి, క్యాప్ ల్యాంప్ అప్పగించి, ఫోన్ చేతిలోకి తీసుకుంటాడు. హైదరాబాద్‌లో చదువుకుంటున్న కొడుకుది ఒక కంపెనీ, తనది ఇంకో కంపెనీ. ‘ఈ మార్గంలోని లైన్లన్నీ బిజీగా ఉన్నాయి’ అంటుంది రికార్డు చేసిన గొంతు. మళ్లీ నొక్కితే మళ్లీ అదే. గోదావరిఖని ఎనిమిదో ఇంక్లైన్ కాలనీ నుంచి కొత్తగూడెం రుద్రంపూర్ దాకా రెండు సిమ్‌ల ఫోన్ షోకు కాస్తా అవసరంగా మారింది ఆ రోజుల్లోనే. అటు వాళ్లకు చేయడానికి ఒకటి, ఇటు వాళ్లకు చేయడానికి ఒకటి.

ట్రాయ్ గట్టి మాటే అంది. నిజానికి లైసెన్సు రద్దు చేయదగ్గ ఉల్లంఘన ఇది, కానీ రద్దు చేస్తే వినియోగదారులు ఇక్కట్ల పాలవుతారు గనుక జరిమానా చాలనుకుంటున్నాం అన్నది ఆ సిఫార్సు సారం. వినియోగదారుడి ఇబ్బంది శిక్ష తగ్గించడానికి పనికొచ్చిందన్నమాట. జరిమానా సొమ్ములో అతనికో పైసా రాల్చడానికి మాత్రం పనికిరాలేదు.

ఆ తర్వాత ఫైలు సాగించిన యాత్ర చూడాలి. ఇలాంటి జరిమానా స్వయంగా వేసే అధికారం ట్రాయ్‌కు లేదు. అది చెబుతుంది, వేసేది టెలికాం శాఖ. ఆ శాఖ 2017లో మరోసారి ఆలోచించండంటూ కాగితం తిప్పి పంపింది. ట్రాయ్ తన మాట మార్చుకోలేదు. 2018 ఆగస్టులో వొడాఫోన్, ఐడియా కలిసిపోయి ఒకే కంపెనీ అయ్యాయి. 2019 జూలైలో, టెలికాం శాఖలో పెద్ద నిర్ణయాలు తీసుకునే డిజిటల్ కమ్యూనికేషన్స్ కమిషన్ తలూపింది. డిమాండ్ నోటీసులు కదిలింది మాత్రం 2021 సెప్టెంబర్ నెలాఖరుకు. వొడాఫోన్ ఐడియాకు 2,000 కోట్లు, ఎయిర్‌టెల్‌కు 1,050 కోట్లు, కట్టడానికి మూడు వారాల గడువు. ఫైలు కదలడానికి అయిదేళ్లు, డబ్బు కట్టడానికి మూడు వారాలు! కంపెనీలు ఊరుకుంటాయా? టెలికాం వివాదాల ట్రిబ్యునల్ టీడీశాట్ గడప తొక్కాయి.

ఈలోగా లోకం మారిపోయింది. ఒక కంపెనీ కాల్‌ను ఇంకో కంపెనీ అందుకున్నందుకు నిమిషానికి 14 పైసలు ఇచ్చుకునేవారు. అది 2017 అక్టోబర్‌లో 6 పైసలై, 2021 జనవరి 1 నుంచి సున్నా అయింది. కలవని కాల్స్‌తో మొదలైన జియో దేశంలోకెల్లా పెద్ద నెట్‌వర్కుగా ఎదిగింది. ఐడియా అన్న కంపెనీయే విడిగా లేదు. నోటీసు చేరేనాటికి తప్పు జరిగిన ఆ మార్కెట్టే లేదు.

కంపెనీల వాదనను తోసిపుచ్చాల్సిన పని లేదు. దారులు తెరవడానికి ఒప్పందం ప్రకారం 90 రోజుల గడువుందన్నాయి. పరీక్షల పేరుతోనే జియో లక్షల మందికి సిమ్‌లు పంచేసిందన్నాయి. ఉచిత కాల్స్ వరద ఒక్కసారిగా మీద పడితే ఏ నెట్‌వర్కు తట్టుకుంటుందన్నాయి. ఇందులో నిజమెంత, సాకెంత అన్నది వేడి మీద ఉన్నప్పుడు, ఎక్స్చేంజీల రికార్డులు తాజాగా ఉన్నప్పుడు, ఆ పని చేసిన ఇంజినీర్లు ఇంకా అదే కుర్చీల్లో ఉన్నప్పుడు తేలాలి. అయిదేళ్ల తర్వాత తేల్చడం మొదలుపెడితే లాయర్లకే పని.

కూలివాడి మీద జరిమానా వేయాలంటే ఏం చేయాలో ఈ దేశం 1936లోనే రాసిపెట్టుకుంది. వేతన చెల్లింపుల చట్టం, 8వ సెక్షన్. ఏయే తప్పులకు జరిమానా ఉంటుందో ముందే ప్రభుత్వ అనుమతి తీసుకుని, ఆ పట్టిక పనిచోట అందరికీ కనబడేలా అంటించాలి. పట్టికలో లేని తప్పుకు జరిమానా లేదు. కార్మికుడి సంజాయిషీ వినకుండా వేయకూడదు. ఒక జీతకాలంలో జీతంలో 3 శాతం దాటకూడదు. నెలకు 20 వేలు తెచ్చుకునే కాంట్రాక్టు కార్మికుడైతే 600 రూపాయలు, అంతే. వాయిదాల్లో వసూలు చేయడానికి వీల్లేదు. మొదట 60 రోజులు, తర్వాతి సవరణతో 90 రోజులు, ఆలోపు వసూలు చేయకపోతే ఇక వదిలేయాల్సిందే. ఆ రోజులు లెక్కపెట్టేది కూడా ఆఫీసరు సంతకం పెట్టిన తేదీ నుంచి కాదు, తప్పు జరిగిన తేదీ నుంచి. ఇక చివరి షరతు అన్నిటికన్నా గొప్పది. వసూలైన ప్రతి పైసా రిజిస్టరులో ఎక్కాలి, అక్కడ పనిచేసేవాళ్ల మేలుకే ఖర్చు కావాలి. యజమాని జేబులోకి పోవడానికి లేదు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ కూడా ఈ షరతుల్ని దాదాపు ఉన్నవున్నట్టుగా తనలోకి తీసుకుంది.

ఈ కొలబద్ద పెట్టి 3,050 కోట్ల కేసును చూస్తే తమాషాగా ఉంటుంది. తప్పు 2016 సెప్టెంబర్‌ది. కూలివాడి లెక్కలో ఆ ఏడాది డిసెంబర్‌కల్లా వ్యవహారం ముగిసిపోవాలి. వసూలైన సొమ్ము కాల్ కలవక అవస్థపడిన వాళ్ల మేలుకే వాడాలి. జరిగింది దీనికి పూర్తిగా తలకిందులు. పేదవాడి మీద 600 రూపాయలు వేసేటప్పుడు పాటించే న్యాయం, వందల కోట్లు వేసేటప్పుడు గుర్తుకు రాకపోవడం వింత. ఇందులో కంపెనీకి జరిగే అన్యాయం ఉంది, జనానికి జరిగే అన్యాయం అంతకన్నా ఎక్కువ ఉంది.

డబ్బు నేరుగా ఫోన్ చేసినవాడికే అందించే ప్రయత్నం ఒకటి జరగకపోలేదు. 2015 అక్టోబర్ 16న ట్రాయ్ ఒక నిబంధన తెచ్చింది. మాట్లాడుతుండగా కాల్ తెగితే కంపెనీ ఆ మనిషి ఖాతాలో రూపాయి వేయాలి, రోజుకు మూడు రూపాయలు మించకుండా. 2016 జనవరి 1 నుంచి అమలు కావాలి. కంపెనీలు కోర్టుకెక్కాయి. ఢిల్లీ హైకోర్టు ఫిబ్రవరి 29న నిబంధన సరైనదేనంది. మే 11న సుప్రీంకోర్టులో న్యాయమూర్తులు కురియన్ జోసెఫ్, రోహింటన్ నారిమన్‌ల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. రూపాయి ఇవ్వడానికి కూడా ఇంత రాద్ధాంతమా అని అప్పట్లో జనం నవ్వుకున్నారు. తీర్పు చదివితే మాత్రం కోపం కొంత దారి మళ్లుతుంది. నెల సగటున 2 శాతం కాల్స్ దాకా తెగినా ఫరవాలేదని అప్పటి ట్రాయ్ నాణ్యత ప్రమాణమే చెప్పింది. ఆ గీత లోపల ఉన్న కంపెనీ కూడా కట్టాల్సిందేనంటే ఎలా అని కోర్టు అడిగింది. తెగే కాల్స్‌లో 36.9 శాతానికి వినియోగదారుడి వైపే కారణం ఉండొచ్చని ట్రాయ్ సాంకేతిక పత్రమే ఒప్పుకుంది. అమెరికాలో మాదిరి ముందుగా ముసాయిదా పెట్టి, అభ్యంతరాలు తీసుకుని, వాటికి జవాబు చెప్పి నిబంధనలు రాసే పద్ధతి తెమ్మని పార్లమెంటుకు కోర్టు సూచన కూడా చేసింది.

రూపాయి ఎక్కువై ట్రాయ్ ఓడిపోలేదు. రూలు అజాగ్రత్తగా రాసి ఓడిపోయింది. తప్పులు దిద్ది మళ్లీ రాయడానికి ఏ అడ్డూ లేదు. ఆ రూపాయి మాత్రం మళ్లీ రాలేదు.

పెద్ద తగాదా వేరే ఉంది. ఏజీఆర్, అంటే సవరించిన స్థూల ఆదాయం కేసు. 1999 టెలికాం విధానం కింద కంపెనీలు తమ ఆదాయంలో కొంత శాతం లైసెన్సు ఫీజుగా కడతామని ఒప్పుకున్నాయి. అది తగ్గుతూ తగ్గుతూ 8 శాతం దగ్గర నిలిచింది. ఆదాయం అంటే ఏది? ఫోన్ల మీద వచ్చిందేనా, బ్యాంకు వడ్డీ, భవనాల అద్దె, తుక్కు అమ్మిన సొమ్ము కూడానా? దీని మీద దాదాపు పదిహేనేళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు. 2019 అక్టోబర్ 24న సుప్రీంకోర్టు అన్నీ ఆదాయమేనంది. జస్టిస్ అరుణ్ మిశ్రా నాయకత్వంలోని ఆ ముగ్గురి ధర్మాసనంలో, తర్వాత ఆంధ్రప్రదేశ్ గవర్నరైన జస్టిస్ అబ్దుల్ నజీర్ ఒకరు. అప్పటికి శాఖ చెప్పిన బకాయి 92 వేల కోట్ల పైచిలుకు. దాన్ని విప్పి చూస్తే అసలు ఫీజు 23,189 కోట్లే. వడ్డీ 41,650 కోట్లు, జరిమానా 10,923 కోట్లు, జరిమానా మీద వడ్డీ 16,878 కోట్లు. బొగ్గు బెల్టులో వడ్డీ వ్యాపారి దగ్గర ఏటీఎం కార్డు కుదువబెట్టిన కార్మికుడికి ఈ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు. అసలు ఎప్పుడో తీరిపోయినా నెలనెలా జీతం మాత్రం అటే పోతుంటుంది.

కోర్టు తీర్పు చేతికి రాగానే శాఖకు పూనకం వచ్చినంత పనైంది. ఫోన్ వ్యాపారమే చేయని ప్రభుత్వ రంగ సంస్థలకూ డిమాండ్లు పంపింది. గెయిల్, ఆయిల్ ఇండియా, పవర్‌గ్రిడ్ లాంటివి తమ గొట్టాలు, లైన్ల వెంట వేసుకున్న కేబుల్ కోసం లైసెన్సులు తీసుకున్నాయి. ఆ ఒక్క కారణంతో గ్యాస్, చమురు, కరెంటు అమ్మగా వచ్చిన ఆదాయమంతా టెలికాం లెక్కలో వేసి, ఒక్క గెయిల్‌నే లక్షన్నర కోట్లకు పైగా అడిగింది. అన్నీ కలిపి 4 లక్షల కోట్లు. 2020 జూన్‌లో సుప్రీంకోర్టు ఇదేం పద్ధతి అని గద్దించాక, వారం తిరిగేసరికి 96 శాతం డిమాండ్లు వెనక్కి తీసుకుంటున్నామని శాఖ చెప్పుకుంది. కొత్తగూడెం ప్రధాన కార్యాలయంగా ఉన్న సింగరేణి కూడా ప్రభుత్వ రంగ సంస్థే కాబట్టి, ఇక్కడి వాళ్లకు ఈ ఉదంతం వింటే ఒళ్లు జలదరించాలి. బొగ్గు అమ్మిన డబ్బు మీద టెలికాం ఫీజు అడిగితే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. ప్రభుత్వం ఎప్పుడూ జనం పక్షాన, కంపెనీ ఎప్పుడూ జనానికి ఎదురు అనుకునే అమాయకత్వం ఇక్కడ పనికిరాదు.

ఇంత గొడవ తర్వాత 2021 సెప్టెంబర్ 15న కేంద్రమే దిగొచ్చింది. టెలికాంతో సంబంధం లేని ఆదాయాన్ని ఇకముందు లెక్కలోంచి తీసేస్తామంది. లైసెన్సు ఫీజు బకాయి మీద జరిమానా ఎత్తేసింది. ఏ నిర్వచనం కోసం పదిహేనేళ్లు పోట్లాడి గెలిచిందో దాన్ని గెలిచిన రెండేళ్లకు తానే వదులుకుంది. బకాయిలు తీర్చలేని వొడాఫోన్ ఐడియా బాకీని వాటాలుగా మార్చుకుంటూ వచ్చి, 2025 నాటికి ఆ కంపెనీలో దాదాపు 49 శాతానికి యజమాని అయింది.  ఇప్పుడు ఆ 2,000 కోట్ల ఇంటర్‌కనెక్షన్ జరిమానా వసూలైనా, అందులో సగం భారం ప్రభుత్వ వాటా మీదే పడుతుంది. ఎడమ జేబులోంచి తీసి కుడి జేబులో వేసుకుంటే దొంగకు బుద్ధి వస్తుందా?

పాత బకాయిని మానవత్వంతో లెక్కగట్టడం కోర్టులకు తెలియని విద్యేం కాదు. గనులున్న ప్రాంతమంతా ఆసక్తిగా చూసిన కేసు ఒకటుంది. ఖనిజ హక్కుల మీద రాష్ట్రాలు పన్ను వేసుకోవచ్చని 2024 జూలై 25న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. ఆగస్టు 14న పాత బకాయిల సంగతి చెప్పింది. 2005 ఏప్రిల్ 1 నుంచి వసూలు చేసుకోవచ్చు, కానీ 2026 ఏప్రిల్ నుంచి 12 ఏళ్ల వాయిదాల్లో. తీర్పు నాటికి ముందున్న కాలానికి వడ్డీ, జరిమానా రెండూ మాఫీ. చట్టం అర్థమే తేలని కాలానికి శిక్ష ఎందుకన్న ఇంగితం ఇందులో ఉంది. ఏజీఆర్‌లో అది కనబడలేదు. రెండూ ఒకే కోర్టు ఇచ్చినవి, మధ్య తేడా అయిదేళ్లు.

జరిమానా ఎంత పెద్దదన్న దానికన్నా ఎంత త్వరగా ముగిసిందన్నది ముఖ్యమని నైజీరియా చూపించింది. అక్కడ ఎమ్‌టీఎన్ కంపెనీ 50 లక్షలకు పైగా సిమ్‌లను వివరాలు నమోదు చేయకుండా నడిపింది. గడువు దాటినా ఆపలేదు. మాజీ మంత్రి ఒకరిని కిడ్నాప్ చేసినవాళ్లు వాడిన ఫోన్ల దగ్గర విషయం భగ్గుమంది. 2015 అక్టోబర్‌లో సిమ్‌కు 2 లక్షల నైరాల చొప్పున, 520 కోట్ల డాలర్ల జరిమానా పడింది. నెల తిరక్కుండా కంపెనీ అధిపతి రాజీనామా చేశారు. డిసెంబర్‌లో 78 వేల కోట్ల నైరాలకు తగ్గించారు. కంపెనీ లాగోస్ ఫెడరల్ హైకోర్టుకు వెళ్లింది. 2016 ఫిబ్రవరిలో 5 వేల కోట్ల నైరాలు ముందుగా కట్టి, కేసు వెనక్కి తీసుకుని, బేరానికి కూర్చుంది. జూన్‌లో 33 వేల కోట్ల నైరాలకు, మూడేళ్లలో కట్టేలా, క్షమాపణతో సహా రాజీ కుదిరింది. 2019 మే నాటికి బాకీ మొత్తం తీరింది. మొదటి అంకెలో మూడో వంతుకు దిగిపోయారని వెక్కిరించవచ్చు. కానీ ఎనిమిది నెలల్లో తేలింది, నాలుగేళ్లలోపు చేతికొచ్చింది. మన దగ్గర ఎనిమిది నెలలంటే ఫైలు ఒక బల్ల మీది నుంచి ఇంకో బల్ల మీదికి చేరే కాలం.

జరిమానా ఎవరు వేయాలన్న పేచీ అగ్రరాజ్యంలోనూ తెమలలేదు. వినియోగదారులు ఎక్కడున్నారన్న సమాచారాన్ని అమ్ముకున్నారంటూ అమెరికా నియంత్రణ సంస్థ 2024 ఏప్రిల్‌లో అక్కడి పెద్ద ఫోన్ కంపెనీల మీద 20 కోట్ల డాలర్లకు దగ్గరగా జరిమానాలు వేసింది. ఆరోపించేదీ, తీర్పు చెప్పేదీ మీరేనా, జ్యూరీ ముందుకు రండి అన్నాయి కంపెనీలు. 2025లో ఒక అప్పీలు కోర్టు ఏటీ అండ్ టీ జరిమానాను కొట్టేస్తే, ఇంకో అప్పీలు కోర్టు వెరిజాన్ జరిమానాను నిలబెట్టింది. వేసే చెయ్యీ, విచారించే చెయ్యీ ఒకటే కావడం మీద అభ్యంతరం మన దగ్గరా న్యాయమైనదే.

2023 డిసెంబర్‌లో వచ్చిన మన కొత్త టెలికాం చట్టం ఈ లోపాన్ని కొంత గుర్తించింది. షరతుల ఉల్లంఘనను విచారించడానికి ప్రత్యేక అధికారి, ఆ పైన అప్పీలు కమిటీ, ఆ పైన టీడీశాట్ అని మెట్లు కట్టింది. తప్పులను తీవ్రతను బట్టి విడగొట్టి, అన్నిటికన్నా తీవ్రమైన దానికి 5 కోట్ల దాకా, స్వల్పమైనదానికి లక్ష దాకా అని పట్టిక పెట్టింది. సర్కిల్‌కు 50 కోట్ల నుంచి 5 కోట్లకు దిగడం కంపెనీలకు పండగేనని విమర్శించేవాళ్లున్నారు. అయిదేళ్లు నానబెట్టే 50 కోట్ల కన్నా, మూడు నెలల్లో పడే 5 కోట్లకే కంపెనీ ఎక్కువ భయపడుతుంది. అయితే చట్టంలో గడియారం లేదు. తప్పు జరిగిన నాటి నుంచి ఇన్ని రోజుల్లో తేల్చాలి, లేకపోతే వదిలేయాలి అన్న 1936 నాటి కండిషన్ ఇక్కడ కనబడదు.

ఇంకో సంగతి. జరిమానా ఎంతో నిర్ణయించేటప్పుడు ఎంతమంది నష్టపోయారో, ఎంత నష్టపోయారో చూడమని ఆ చట్టం అధికారికి చెబుతుంది. నష్టపోయినవాళ్లను లెక్కపెట్టమంటుంది గానీ వాళ్లకు ఏమైనా ఇమ్మని చెప్పదు.

ఆ దిశగా ఒక చిన్న అడుగు ట్రాయ్ వేసింది. 2024 ఆగస్టులో తెచ్చిన నాణ్యత నిబంధనల్లో, ఒక జిల్లాలో 24 గంటలకు పైగా సర్వీసు ఆగిపోతే పోస్ట్‌పెయిడ్ వాళ్లకు బిల్లులో తగ్గింపు, ప్రీపెయిడ్ వాళ్లకు వాలిడిటీ పొడిగింపు ఇవ్వాలంది. 2025 ఏప్రిల్ 1 నుంచి ఆ హక్కు ఉంది. మంచిదే. కానీ కొలమానం జిల్లా. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఎంతని? పట్నంలో కలెక్టరేట్, సింగరేణి ఆఫీసులు ఉన్నచోట సిగ్నల్ నిండుగా ఉంటుంది. గుండాల, కరకగూడెం, చర్ల మండలాల అడవి గూడేల్లో చెట్టెక్కి, గుట్టెక్కి ఫోన్ చేసుకోవడం అందరికీ తెలిసిన సంగతే. ఒక గూడెం టవర్ వారం రోజులు మూగబోయినా జిల్లా సర్వీసు ఆగినట్టు కాదు. ప్రకృతి వైపరీత్యం వల్ల ఆగితే పరిహారం అసలే లేదు. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అలాంటి రోజుల్లోనే కదా ఫోన్ ప్రాణంతో సమానం. జనరేటర్‌లో డీజిల్ పోయకపోవడం కూడా వరద ఖాతాలోకే పోతుందా అన్నది అడగాల్సిన ప్రశ్న.

ఇలాంటి గూడేల కోసం డబ్బు లేకపోలేదు. లైసెన్సు ఫీజు 8 శాతంలో 5 శాతం యూనివర్సల్ సర్వీస్ నిధికి పోతుంది. ఇప్పుడు దాని పేరు డిజిటల్ భారత్ నిధి. సిగ్నల్ లేని పల్లెల్లో, మావోయిస్టు ప్రభావిత మండలాల్లో టవర్లు వేయడానికే ఆ నిధి. ఏజీఆర్ తగాదాలో ఇరుక్కున్న ఫీజులో సగానికి పైగా నిజానికి ఇలాంటి గూడేల డబ్బన్నమాట. ఢిల్లీలో లాయర్లు ఆదాయమంటే ఏమిటని వాదించుకున్న పదిహేనేళ్లూ ఆ మాట కోర్టు గదిలో ఎంతమందికి గుర్తుందో.

డబ్బును తప్పు జరిగిన చోటికే తిప్పి పంపే ఏర్పాటు ఈ ప్రాంతానికి కొత్త కాదు. 2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ నిధి పెట్టారు. పాత లీజులైతే కంపెనీ కట్టే రాయల్టీకి అదనంగా దానిలో 30 శాతం ఆ నిధికి జమ చేయాలి. ఓపెన్‌కాస్ట్ దుమ్ము పీల్చే ఊళ్ల కోసం, నీళ్లు అడుగంటిన బోర్ల కోసం, బాంబు పేలుళ్లకు గోడలు నెర్రెలిచ్చిన ఇళ్లున్న చోట వసతుల కోసం అది ఖర్చు కావాలి. ఆ నిధులు బాధిత గ్రామాలు దాటి ఎక్కడెక్కడికో పోతున్నాయన్న పేచీ బొగ్గు బెల్టులో పాతదే, అందులో వాస్తవం లేకపోలేదు. అయినా పేచీ పెట్టుకోవడానికి జిల్లాలో ఒక పద్దు ఉంది, లెక్క అడగడానికి కలెక్టర్ ఉన్నారు. టెలికాం జరిమానా విషయంలో అడగడానికి పద్దే లేదు. అది దేశపు సంచిత నిధిలో కలిసిపోతుంది. ఏ సర్కిల్‌లో తప్పు జరిగిందో లెక్కగట్టి మరీ 50 కోట్ల చొప్పున వేసినవాళ్లు, ఆ 50 కోట్లను అదే సర్కిల్‌లో టవర్లకో బ్యాటరీలకో కేటాయించలేరా?

కొత్త చట్టం కింద నియమాలు రాసే పని కేంద్ర కమ్యూనికేషన్ల శాఖది. 2024 జూన్ నుంచి ఆ శాఖ సహాయ మంత్రి గుంటూరు ఎంపీ పెమ్మసాని చంద్రశేఖర్. తెలంగాణ బొగ్గు బెల్టులో చాలా భాగం మూడు లోక్‌సభ స్థానాల్లో పరుచుకుని ఉంది. కొత్తగూడెం ఖమ్మం కిందికి, ఇల్లందు, పినపాక, భద్రాచలం మహబూబాబాద్ కిందికి, రామగుండం పెద్దపల్లి కిందికి వస్తాయి. లోక్‌సభలో రాతపూర్వక ప్రశ్న వేయడానికి 15 రోజుల ముందు నోటీసిస్తే చాలు. ముగ్గురిలో ఏ ఒక్కరైనా ఈ ప్రశ్న పంపవచ్చు. 2016 నాటి 3,050 కోట్ల జరిమానాలో ఇప్పటికి ఎంత వసూలైంది, అందులో ఆంధ్రప్రదేశ్ సర్కిల్ పేరు మీద వచ్చింది ఎంత, అది ఎక్కడ ఖర్చయింది?